షాట్‌క్రీట్ గోడ మీద మర్నాటికే పగుళ్లు: తప్పు సిమెంటుది కాదు, మధ్యాహ్నానిది

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవారికి పనికొస్తుంది. చంద్రగిరి పక్కన కొండ అంచు తవ్వి చదును చేసిన స్థలం. వెనుక దాదాపు 40 మీటర్ల పొడవు, 5 మీటర్ల ఎత్తున్న కోత. మట్టి, రాళ్లు జారకుండా ఇనుప తీగెల మెష్ బిగించి 75 మి.మీ. మందంతో షాట్‌క్రీట్, అంటే గాలి ఒత్తిడితో నాజిల్ (గొట్టం మూతి) నుంచి చిమ్మే కాంక్రీటు, కొట్టించారు. అదీ పొడి పద్ధతిలో, పొడి మిశ్రమానికి నాజిల్ దగ్గర నీరు కలుపుతూ. ఏప్రిల్‌లో రెండు మధ్యాహ్నాల్లో సగం గోడ అయింది. మర్నాడు పొద్దున చూస్తే గోడంతా సాలెగూడులా సన్నటి పగుళ్లు. మూడు వారాలకు వాటికి తోడు పైనుంచి కిందికి నాలుగు నిలువు పగుళ్లు. సిమెంటు మంచిది రాలేదని కాంట్రాక్టరు అంటున్నాడు, పైన సిమెంటు పాలు పూసి సరిచేస్తానంటున్నాడు. మెష్ ఉండగా పగుళ్లెందుకు వచ్చాయి, ఈ గోడ నిలుస్తుందా, కొట్టేయాలా, మిగతా సగం ఎలా చేయించాలి అని మీ ప్రశ్నలు.

అన్నిటికన్నా ముందు, సిమెంటు పాలు పూయనివ్వకండి. ఆ పూత పగులులోకి దిగదు, పైన పొరలా కూర్చుంటుంది, రెండు నెలల్లో పెచ్చులూడుతుంది. అంతవరకు పగుళ్లు మీ కంటికి కనబడవు. ఏం జరిగిందో తేల్చడానికి ఇప్పుడు మీ దగ్గరున్న సాక్ష్యం ఆ పగుళ్లే. వాటిని ఫొటోలు తీసి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాసి ఉంచండి.

నేను ఈ పనిలో ముప్పై ఏళ్లకు దగ్గరగా ఉన్నాను: కాలువ సొరంగాలు, ఘాట్ రోడ్ల వాలులు, క్వారీ అంచులు. పగులు చూపించి ఎందుకొచ్చిందని ఎవరడిగినా నా మొదటి ప్రశ్న, ఎప్పుడొచ్చింది అనే. ఎంత వెడల్పు, ఎంత పొడవు అన్నవి తర్వాత. మీరు రెండు వేర్వేరు తేదీలు చెప్పారు కాబట్టి మీ గోడ మీద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. సాలెగూడు పగుళ్లు కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే పుట్టాయి. నిలువు పగుళ్లు అది గట్టిపడిన తర్వాత, ఆరుతూ ఆరుతూ పుట్టాయి. మొదటివాటికి కారణం ఆ మధ్యాహ్నం, రెండోవాటికి కారణం గోడ పొడవు. సిమెంటు పాత్ర రెండింటిలోనూ చాలా తక్కువ.

మొదటిదాన్ని సైటులో ప్లాస్టిక్ ష్రింకేజ్ అంటాం. ప్లాస్టిక్ వస్తువులతో దానికి సంబంధం లేదు, కాంక్రీటు ఇంకా మెత్తగా ఉన్న దశ అని అర్థం. ఆ దశలో పైపొర నుంచి నీరు ఆవిరైపోతుంటే సిమెంటు రేణువులు ఒకదానివైపు ఒకటి లాక్కుంటాయి. ఎండిన చెరువు అడుగు నెర్రెలు విచ్చేది కూడా ఇలాగే. కాంక్రీటుకు అప్పటికి లాగుడును తట్టుకునే బలం ఏమీ ఉండదు కాబట్టి తెగిపోతుంది.

ఎంత నీరు పోయి ఉంటుందో లెక్క వేద్దాం. గాలి వేడి, తేమ, కాంక్రీటు వేడి, గాలి వేగం తెలిస్తే గంటకు చదరపు మీటరు నుంచి ఎంత నీరు ఆవిరవుతుందో చెప్పే సూత్రం ఒకటుంది, దశాబ్దాలుగా అందరూ వాడుతున్నదే. తిరుపతిలో ఏప్రిల్ మధ్యాహ్నానికి తగ్గట్టు అంకెలు వేశాను: గాలి 39 డిగ్రీలు, తేమ 30 శాతం, కాంక్రీటు 34 డిగ్రీలు, కొండ అంచున వీచే గాలి గంటకు 15 కిలోమీటర్లు. జవాబు చదరపు మీటరుకు గంటకు 1.15 కిలోలు. ఒక కిలో దాటితే పగుళ్ల ప్రమాదం ఎక్కువని, జాగ్రత్తలు తీసుకోకుండా పని చేయవద్దని సాధారణంగా చెబుతారు. సిలికా ఫ్యూమ్ లాంటి మెత్తటి పొడి కలిపిన కాంక్రీటుకు అందులో సగానికే జాగ్రత్త పడాలి.

1.15 కిలోలు వినడానికి చిన్న అంకెలా ఉంటుంది. మీ గోడ 75 మి.మీ. మందం కదా, అంటే చదరపు మీటరుకు 75 లీటర్ల కాంక్రీటు. ఘనపు మీటరు కాంక్రీటులో నీరు 180 లీటర్లు అనుకుంటే, మీ చదరపు మీటరులో ఉన్న నీరు పదమూడున్నర లీటర్లు. నాలుగు గంటల్లో నాలుగున్నర లీటర్లు పోతే మూడో వంతు పోయినట్టే. నిజానికి పైపొర ఆరేకొద్దీ ఆవిరయ్యే వేగం తగ్గుతుంది కాబట్టి అంత పూర్తిగా పోదు, కానీ పగలడానికి అందులో సగం చాలు. స్లాబ్‌లో అయితే 150 మి.మీ. మందం ఉంటుంది, కింద సెంట్రింగ్ కప్పి ఉంచుతుంది, పైకి కాస్త నీరు తేలి ఆవిరికి అడ్డుపడుతుంది. షాట్‌క్రీట్‌కు ఈ మూడూ లేవు. తక్కువ నీటితో, గాలి ఒత్తిడితో గట్టిగా కొట్టిన కాంక్రీటు కాబట్టి పైకి తేలే నీరు దాదాపు ఉండదు. పైగా ఉపరితలం గరుకు, గరుకుగా ఉన్నచోట ఎండకు, గాలికి తగిలే వైశాల్యం ఎక్కువ.

అదే సూత్రంలో గాలి వేగాన్ని 15 నుంచి 4 కిలోమీటర్లకు తగ్గించి చూడండి, మిగతావేమీ మార్చకుండా. జవాబు 0.49కి పడిపోతుంది. అందరూ ఎండను తిడతారు, గాలిని ఎవరూ పట్టించుకోరు. కోత ముందు ఒక పరదా కట్టి ఉంటే ఆ 39 డిగ్రీల ఎండలోనే మీ నష్టం సగానికన్నా తగ్గేది. తెల్లవారుజామున 27 డిగ్రీలు, తేమ 65 శాతం, మెల్లటి గాలి అని వేస్తే 0.28 వస్తుంది. నేను వేసవిలో ఉదయం నాలుగున్నరకు కంప్రెసర్ ఆన్ చేయించి తొమ్మిదికల్లా నాజిల్ కడిగించేది అందుకే. మనుషులు విసుక్కునేవారు. గోడ మాత్రం పగలలేదు.

ముందువైపు గాలి తాగితే వెనుకవైపు కొండ తాగుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్‌జైటు పొరలు కూర్చున్న చోటును భూవైజ్ఞానిక సర్వే జాతీయ స్మారకంగా గుర్తించింది, మీరూ చూసే ఉంటారు. ఆ హద్దుకు పైనున్న క్వార్ట్‌జైటు గాజులాంటిది, చుక్క నీరు పీల్చదు. కిందివైపు, చంద్రగిరి చుట్టుపక్కల మనం తవ్వేది చాలాచోట్ల శిథిలమై గరప అయిన గ్రానైటు. చేత్తో నలిపితే ఇసుకలా రాలుతుంది, బకెట్ నీళ్లు పోసినా తడి కనబడదు. దాన్ని ముందుగా తడపకుండా షాట్‌క్రీట్ కొడితే వెనుక పొరలోని నీటిని పది నిమిషాల్లో లాగేసుకుంటుంది. అక్కడ సిమెంటుకు గట్టిపడేంత నీరు మిగలదు, అతుకు కూడా కుదరదు. మీ కోతను కొట్టే ముందు తడిపారా అన్నది మీరు రాయలేదు. రాయలేదంటే తడపలేదనే అనుకుంటున్నాను.

ఇక మిశ్రమం సంగతి. నాజిల్ నుంచి వచ్చినదంతా గోడకు అంటదు, కొంత ఎగిరి కింద పడుతుంది. దాన్ని రీబౌండ్ అంటాం. షాట్‌క్రీట్‌కు మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 9012, 1978 నాటిది, నిలువు గోడలకు 15 నుంచి 30 శాతం, తలపైన కొట్టేటప్పుడు 25 నుంచి 50 శాతం వరకు రీబౌండ్ ఉంటుందని చెబుతుంది. ఎగిరిపడేది ఎక్కువగా కంకరే. సిమెంటు ముద్ద అంటుకుంటుంది, రాయి జారిపోతుంది. అందుకని మిక్సర్‌లో మీరు వేసిన పాళ్లు ఒకటి, గోడ మీద నిలిచిన పాళ్లు మరొకటి. కాంక్రీటులో కుంచించుకుపోయేది సిమెంటు ముద్ద, దాన్ని ఆపి నిలబెట్టేది రాయి. రాయి తగ్గి ముద్ద పెరిగిన గోడ ఎక్కువ కుంచించుకుపోకుండా ఎలా ఉంటుంది? బలం కోసమని బస్తా ఎక్కువ వేయించే వారిని చాలామందిని చూశాను. షాట్‌క్రీట్‌లో అది పగుళ్లను డబ్బిచ్చి కొనుక్కోవడమే.

కింద పడిన రీబౌండ్‌ను పారతో ఎత్తి మళ్లీ మిక్సర్‌లో వేయడం మన దగ్గర సర్వసాధారణం, వృథా ఎందుకని. అది ఊడ్చి పారేయవలసిన చెత్త. సగం గట్టిపడిన ముద్ద, మట్టి కలిసిన కంకర తప్ప అందులో ఏమీ ఉండదు.

ఎం-శాండ్, అంటే క్రషర్‌లో రాయిని పొడిచేసి తీసే ఇసుక, గురించి కూడా. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో గ్రానైటు క్రషర్లకు కొదవ లేదు, ఇసుక కన్నా క్రషర్ ఇసుకే తేలికగా దొరుకుతుంది. మంచిదైతే ఇబ్బంది లేదు. కానీ కడగని ఎం-శాండ్‌లో పిండిలాంటి దుమ్ము ఎక్కువ, దుమ్ముకు నీరు ఎక్కువ కావాలి, నీరు ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుపోవడం ఎక్కువ. ప్రయోగశాలకు పంపే ముందు గాజు గ్లాసులో సగం దాకా ఎం-శాండ్ వేసి నీళ్లు నింపి బాగా కలిపి గంటసేపు కదపకుండా పెట్టండి. ఇసుక పైన మెత్తటి బూడిదరంగు పొర ఎంత మందంలో పేరుకుందో చూడండి. ఇసుక ఎత్తులో పదో వంతు దాటితే నేను ఆ లారీని వెనక్కి పంపుతాను.

పొడి పద్ధతిలో నీటి పాళ్లు తేల్చేది కాగితం మీద రాసిన డిజైన్ కాదు, నాజిల్ పట్టుకున్న మనిషి బొటనవేలు. నీటి వాల్వు అతని చేతిలో ఉంటుంది. దుమ్ము లేస్తే తిప్పుతాడు, జారితే తగ్గిస్తాడు. ఈ యంత్రం పుట్టింది కూడా విచిత్రమే. 1907లో షికాగోలోని మ్యూజియంలో జంతువుల కళేబరాలకు రూపం పోసే కార్ల్ ఏక్లీ అనే ఆయన పొడి సిమెంటు మిశ్రమాన్ని గాలితో చిమ్మి, నాజిల్ దగ్గర నీరు కలిపే ఉపాయం కనిపెట్టాడు. 1911లో పేటెంట్ వచ్చింది. వందేళ్లు దాటినా ఆ వాల్వు దగ్గర మాత్రం మనిషే ఉన్నాడు. మీ పనికి నాజిల్ పట్టింది ఎవరు, రెండు రోజులూ ఒకడేనా అని అడిగి తెలుసుకోండి. గోడ మీద ఒక భాగంలో పగుళ్లు దట్టంగా, పక్క భాగంలో పలచగా ఉంటే మనిషి మారిన చోటు అదే కావచ్చు.

నా స్వంత తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కాలువ సొరంగం ముఖద్వారం పక్క వాలు మీద పని. మే నెల. పెద్దలెవరో చూడటానికి వస్తున్నారు, గోడ నున్నగా కనబడాలని పైనుంచి మాట వచ్చింది. నేను తాపీమేస్త్రీలను పెట్టి, కొట్టిన గంటకు తాపీతో రుద్దించాను. సాయంత్రం వెలుతురు చాలక చివరి భాగం, సుమారు నాలుగు మీటర్లు, గరుకుగానే వదిలేశాం. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే నున్నగా రుద్దిన మేర అంతా తాబేటి చిప్పలా పగిలి ఉంది. గరుకుగా వదిలిన చోట వెతికితే రెండో మూడో సన్న గీతలు. ఒకటే సిమెంటు, ఒకటే మనిషి, ఒకటే రోజు. తాపీ తిప్పినప్పుడు సిమెంటు పాలు పైకి లేచి పలచటి పొర కట్టింది. అప్పుడే అంటుకుంటున్న కాంక్రీటు తాపీ లాగుడుకు వెనుక ఉన్న రాయి నుంచి కాస్త ఊడింది. పై పొర నీటిని ఎండ పీల్చేసింది. సాయంత్రం కొట్టిన ముక్కకు ఎండ తగలకపోవడం కూడా సాయపడిందని తర్వాత ఒప్పుకున్నాను, అప్పట్లో తాపీ మీదే నెట్టేశాను. మీరు పంపిన ఫొటోలో గోడ నున్నగా మెరుస్తోంది. ఎవరు రుద్దమన్నారో నేను అడగను.

నిలువు పగుళ్ల సంగతి వేరు. వాటిని ఆ మధ్యాహ్నం తెచ్చిపెట్టలేదు. గట్టిపడిన కాంక్రీటు కూడా వారాలు, నెలల తరబడి లోపలి తేమ కోల్పోతూ కుంచించుకుపోతుంది. మామూలు కాంక్రీటుకు పరీక్ష ఫలితాలు లేనప్పుడు మొత్తం సంకోచం 0.0003 (మీటరుకు 0.3 మి.మీ.) అనుకోమని కాంక్రీటు పనులకు మన ప్రమాణమైన ఐ.ఎస్. 456 చెబుతుంది. షాట్‌క్రీట్‌లో ముద్ద ఎక్కువ, రాయి చిన్నది, కాబట్టి 0.0006 నుంచి 0.001 దాకా వెళ్తుంది. మీ గోడలో పూర్తయిన సగం 20 మీటర్లు. స్వేచ్ఛగా వదిలేస్తే అది 12 నుంచి 20 మి.మీ. పొట్టిదవుతుంది. కానీ వెనుక కొండ పట్టుకుని ఉంది, మేకుల్లా దిగిన యాంకర్లు పట్టుకుని ఉన్నాయి. కాంక్రీటు తెగకుండా సాగగలిగేది మీటరుకు మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే కొంచెం ఎక్కువ, అంటే 20 మీటర్లకు రెండు మూడు మి.మీ. మిగతాది ఎక్కడో ఒకచోట తెరుచుకోక తప్పదు. కాంక్రీటు నెమ్మదిగా సర్దుకునే గుణం వల్ల కొంత ఊరట ఉంటుంది, అయినా 20 మీటర్ల గోడకు ఒక్క జాయింటు (పగులు అక్కడే రావాలని కావాలని వదిలే గాడి) కూడా పెట్టకపోతే నాలుగు నిలువు పగుళ్లు రావడంలో ఆశ్చర్యం లేదు. జాయింట్లు మీరు పెట్టలేదు కాబట్టి గోడే పెట్టుకుంది.

మెష్ ఉండగా పగుళ్లెందుకని మీరు అడిగారు. మెష్ పగులును ఆపదు. వచ్చిన పగులు వెడల్పు కాకుండా పట్టి ఉంచుతుంది, ఒక పెద్ద పగులును పది సన్నవాటిగా పంచుతుంది. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడైతే దాన్ని పట్టుకునే శక్తి మెష్‌కు లేనే లేదు, ముద్దకు ఇంకా తీగె మీద పట్టు కుదరలేదు మరి.

ఇప్పుడు అసలు భయపడవలసిన సంగతికి వస్తాను. పగుళ్లు గోడను పడగొట్టవు. గోడ వెనుక డొల్ల పడగొడుతుంది. వడియాలు ఎండబెట్టినప్పుడు చూడండి, పైభాగం ముందు ఎండి కుంచించుకుపోతే అంచులు పైకి లేచి గుడ్డ నుంచి ఊడివస్తాయి. షాట్‌క్రీట్ కూడా అంతే. ముందువైపు ముందుగా ఆరుతుంది, పగులు పడిన చోట అంచు దొరుకుతుంది, ఆ అంచు కొండ నుంచి లేస్తుంది. వానాకాలంలో ఆ సందులోకి నీరు చేరుతుంది.

దీన్ని కనిపెట్టడానికి అరకిలో సుత్తి చాలు. పొద్దున చుట్టుపక్కల చప్పుడు లేనప్పుడు గోడ మీద అరమీటరుకు ఒకచోట తట్టుకుంటూ వెళ్లండి, పగుళ్లకు రెండు వైపులా ఇంకా దగ్గరగా. గట్టిగా అంటుకున్న చోట సుత్తి టంగుమని ఎగిరి చేతికి వెనక్కి వస్తుంది. ఊడిన చోట డబడబమని మొద్దు శబ్దం వస్తుంది, పగిలిన కుండను తట్టినట్టు. డొల్ల పలికిన ప్రతిచోటా సుద్దతో గీత గీయండి. అరగంటలో మీ గోడకు పటం తయారవుతుంది. అరచేయంత డొల్లలు అక్కడక్కడ ఉంటే వదిలేయవచ్చు. డొల్ల చదరపు మీటరు దాటినా, చుట్టూ పగులు తిరిగి ఒక ముక్కలా విడిపోయినట్టున్నా ఆ ముక్కను కోసి తీసి, మెష్‌ను సరిచేసి మళ్లీ కొట్టాలి. మొత్తం గోడ కొట్టేయమని మాత్రం నేను చెప్పను. అలాంటి అవసరం ఇన్నేళ్లలో నాకు రెండుసార్లే వచ్చింది.

పగుళ్ల వెడల్పు కొలవడానికి స్కేలు పనికిరాదు. గోడను తడిపి ఆరనివ్వండి. గోడంతా తెల్లబడ్డాక కూడా పగుళ్లు నల్లటి గీతల్లా కాసేపు నిలుస్తాయి, అప్పుడు కనబడనివి కూడా బయటపడతాయి. మామూలు ప్రింటర్ కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. ఒక కాగితం అంచు దూరకపోతే దాన్ని పట్టించుకోవద్దు, తడిగా ఉంచితే సున్నం పేరుకుని అదే పూడుకుంటుంది. మట్టికి, నేలలోని నీటికి ఆనుకుని ఉండే గోడకు 0.2 మి.మీ. దాటకూడదని ఐ.ఎస్. 456 అంటుంది. కాబట్టి మూడు కాగితాలు కలిపి పెట్టినా దూరితే దానికి మందు వేయాలి.

ఎప్పుడు వేయాలన్నది కూడా ముఖ్యమే. నిలువు పగుళ్లు ఇంకా తెరుచుకుంటూ ఉంటాయి. ఇప్పుడు పగుల్లోకి ఎపాక్సీ అనే జిగురు ఎక్కిస్తే దాని పక్కనే మరో పగులు వస్తుంది. పగులు మీద అడ్డంగా రూపాయి బిళ్లంత ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద పెట్టి తేదీ రాయండి. నెల తర్వాత ఆ ముద్ద చెక్కుచెదరకపోతే పగులు ఆగినట్టు, చిట్లితే ఇంకా కదులుతున్నట్టు. ఆగినవాటికి పలచటి ఎపాక్సీని ఇంజెక్షన్‌లా ఎక్కించవచ్చు. నీరు కారే చోట ఎపాక్సీ కన్నా పాలీయురెథేన్ పనిచేస్తుంది. సాలెగూడు పగుళ్లలో సన్నవాటిని అలాగే వదిలేయండి. వెడల్పైనవి గుంపుగా ఉన్నచోట పైపొరను చెక్కి, తడిపి, కొత్తగా 30 మి.మీ. కొట్టించడం పూతకన్నా నమ్మకమైన పని.

మిగతా 20 మీటర్లకు నేనైతే ఇలా చేస్తాను. ముందురోజు సాయంత్రం కోతను నానేలా తడుపుతాను, తెల్లవారి మళ్లీ ఒకసారి. కొట్టే సమయానికి లోపల తేమ ఉండాలి, పైన నీరు మెరవకూడదు. అంగుళం పైపుతో ధారగా తడిపితే వదులు మట్టి జారిపోతుంది. అందుకు మామిడి తోటలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్‌ను మించినది లేదు, ఆ చుట్టుపక్కల ఏ రైతును అడిగినా అద్దెకిస్తాడు. మందు వాసన పోయేలా ట్యాంకును రెండుసార్లు కడిగించండి. అదే స్ప్రేయర్‌తో, నాజిల్‌ను సన్నటి పొగమంచులా తిప్పి, కొట్టిన కాంక్రీటు మీద తడి ఆరకుండా చూడాలి. నీరు ధారలా పడకూడదు, గోడ ముందు గాలి తేమగా మారితే చాలు. మొదటి ఆరు గంటల్లో ఒక మనిషిని దీనికోసమే పెట్టండి. వేరే పని చెప్పకండి.

కోతకు రెండు మీటర్ల ముందు సర్వీ కర్రలు పాతి, నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ రెండు పొరలు కట్టండి. ఎండా తగ్గుతుంది, గాలీ తగ్గుతుంది. నాజిల్ పట్టే మనిషికి గోడ నుంచి మీటరు, మీటరున్నర దూరం మిగిలేలా చూసుకోండి. గోడకు ఎదురుగా నిలబడి నిటారుగా కొట్టాలి. ఏటవాలుగా కొడితే రీబౌండ్ పెరుగుతుంది, మెష్ తీగె వెనుక ఖాళీలు మిగులుతాయి. అడ్డంగా, కొడవలి ఆకారంలో పగుళ్లు కనిపిస్తే అవి ఆరినందుకు వచ్చినవి కావు, నీరు ఎక్కువై కాంక్రీటు బరువుకు కిందికి జారినందుకు వచ్చినవి. అక్కడ నీటి వాల్వు తగ్గించమనాలి.

త్వరగా గట్టిపడాలని కాంట్రాక్టరు సోడియం సిలికేట్, అదే వాటర్ గ్లాస్, కలుపుతానంటే ఒప్పుకోకండి. ఊట నీరు తోసుకొస్తున్న సొరంగంలో దానికి ఒక పని ఉంది. మీ పొడి కోతలో దాని వల్ల కుంచించుకుపోవడం పెరిగి, తర్వాతి బలం తగ్గుతుంది. తప్పదనుకుంటే క్షారం లేని యాక్సిలరేటర్, అదీ తయారీదారు చెప్పిన పాళ్లలోనే. సన్నటి పాలీప్రొపిలిన్ ఫైబర్ పచ్చి దశ పగుళ్లను బాగా తగ్గిస్తుంది, ఘనపు మీటరుకు కిలో లోపే చాలు. కానీ అది ముందే నీరు కలిపి పంపే తడి పద్ధతికి నప్పుతుంది. పొడి పద్ధతిలో సగం ఫైబర్ గాలికి ఎగిరి మీ షేడ్ నెట్‌కు అంటుకుంటుంది.

ప్రతి నాలుగు మీటర్లకు ఒక నిలువు జాయింటు పెట్టించండి. చెక్క పట్టీ ఒకటి మెష్ మీద నిలబెట్టి కొట్టి, తర్వాత తీసేసినా సరే. అక్కడ మెష్ తీగెల్లో సగం కోయించాలి, లేకపోతే జాయింటు పనిచేయదు. పగులు ఎలాగూ వస్తుంది, వచ్చేది ఆ గాడిలో వస్తే మాస్టిక్ అనే సాగే ముద్దతో మూసేయవచ్చు. రుద్దుడు వద్దు. గోడ గరుకుగానే ఉండనివ్వండి, అందం కావాలంటే దాని ముందు కాగితం పూల తీగె పాకించుకోండి.

క్యూరింగ్, అంటే కాంక్రీటును తడి ఆరకుండా ఉంచడం, విషయంలో ఐ.ఎస్. 456 వేడి, పొడి వాతావరణానికి కనీసం పది రోజులు అడుగుతుంది. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ రకం సిమెంటు వాడితే పద్నాలుగు రోజులు మేలు. రోజుకు మూడుసార్లు పైపుతో తడపడాన్ని క్యూరింగ్ అని మన దగ్గర పిలుస్తారు. ఎండిన గోడ తడిసి, మళ్లీ ఎండి, మళ్లీ తడిస్తే పగుళ్లకు అంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. గోనె పట్టలు పై అంచున మేకులతో వేలాడదీసి, పైన డ్రిప్ లేటరల్ పైపు ఒకటి పరిచి, సన్నగా నీరు జారేలా వదలండి. డ్రిప్ పైపులు కూడా అదే మామిడి రైతు దగ్గర దొరుకుతాయి. తేమ పోకుండా పూసే క్యూరింగ్ కాంపౌండ్ వాడతానంటే తెల్లటిది వాడండి, గరుకు గోడకు డబ్బా మీద రాసినదానికి రెట్టింపు పడుతుంది. పైన మరో పొర కొట్టే ఉద్దేశం ఉంటే మాత్రం అసలు వాడవద్దు, పొరకూ పొరకూ అతుకు కుదరదు.

ఒక్క విషయం మీరు ఎక్కడా రాయలేదు, నాకు పగుళ్లకన్నా అదే ఎక్కువ దిగులుగా ఉంది. ఫొటోల్లో గోడకు, వెనుక చేరిన నీరు బయటికి పోయే గొట్టం ఒక్కటి కూడా కనబడలేదు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. 2021 నవంబరు వానల తర్వాత డిసెంబరు మొదట్లో తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు పడటం మీకు గుర్తుండే ఉంటుంది. కొండలో చేరిన నీటికి దారి లేకపోతే 75 మి.మీ. కాంక్రీటు ఆపలేదు. కొట్టిన సగానికి కూడా ఇప్పుడే రంధ్రాలు వేయించండి, అడ్డంగా, నిలువుగా మీటరున్నరకు ఒకటి చొప్పున, 50 మి.మీ. పైపులు, కొంచెం బయటివైపు వాలి ఉండేలా, లోపలి కొనకు మట్టిని ఆపి నీటిని వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి. సుత్తితో డొల్ల పలికిన చోట్ల ముందు వేయించండి. కొత్త సగంలో కొట్టకముందే పైపులు బిగించి, నోళ్లకు గోనె ముక్కలు కుక్కి, పని అయ్యాక ఆ ముక్కలు తీసేయించాలి. ఆ చివరి పని మరిచిపోయిన సైట్లు నేను లెక్కలేనన్ని చూశాను.

మొదటి పెద్ద వాన మర్నాడు గొడుగు పట్టుకుని గోడ దగ్గరకు వెళ్లండి. ఏ పైపుల నుంచి నీరు వస్తోందో, ఏవి పొడిగా ఉన్నాయో రాసుకోండి. చుట్టుపక్కల పైపులన్నీ కారుతూ మధ్యలో ఒకటి పొడిగా ఉంటే దాని నోట్లో ఇనుప చువ్వ పెట్టి పొడిచి చూడాలి. ఆ పటం, సుత్తితో గీసిన సుద్ద పటం రెండూ ఫొటోలు తీసి పెట్టండి, పగులు మీది ప్లాస్టర్ ముద్దలు చిట్లాయో లేదో కూడా. వాటిని చూసి నిలువు పగుళ్లలో వేటికి ముందు ఎపాక్సీ ఎక్కించాలో చెబుతాను.